తీర్థన్ లోయలో ట్రౌట్ గాలం: ట్రిప్ ప్లాన్ చేసుకోవడం ఎలా? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

"అన్నా, చెరువులో కొరమీను పట్టడం చూపించావు, ఓకే. మరి హిమాలయాల్లో ట్రౌట్ చేప కోసం వెళ్లాలంటే ఎలా?" అని చాలామంది అడుగుతున్నారు. ఇవాళ అదే మాట్లాడుకుందాం. చివర్లో నీళ్ల గురించి ఒక సీరియస్ విషయం ఉంది, దాన్ని మాత్రం స్కిప్ చేయకండి.

ముందు, ఎక్కడికి? నేను చెప్పేది హిమాచల్ ప్రదేశ్, కులు జిల్లాలోని తీర్థన్ లోయ. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ పక్కనే ఉంటుంది. ఆ పార్క్‌కి 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తీర్థన్ నీళ్లు మంచు కొండల నుంచి వస్తాయి, ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి. ట్రౌట్‌కి కావలసింది అదే: చల్లటి, పారే, గాలి బాగా కలిసిన నీళ్లు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు. మన గోదావరిలో, కృష్ణలో అది ఎందుకు లేదో అర్థమైంది కదా.

ఇంకో మాట. ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్లు సరదాగా గాలం వేసుకోవడానికి దాని గుడ్లు తెప్పించి ముందు కశ్మీర్‌లో, తర్వాత కులు వైపు వదిలారు. అక్కడ ముందు నుంచీ ఉన్నది స్నో ట్రౌట్. పేరుకే ట్రౌట్, నిజానికి అది మన బొచ్చె, శీలావతి కుటుంబానికి చెందిన చేప.

ఇప్పుడు, ఎప్పుడు వెళ్లాలి? నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట బంద్. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం అది. జులై, ఆగస్టు వద్దే వద్దు. వానలకి నీళ్లు బురదగా ఉంటాయి, కొండచరియలు పడి రోడ్లు మూసుకుపోతాయి. 2023 జులైలో కులులో వరదలు ఎలా వచ్చాయో న్యూస్‌లో చూసే ఉంటారు. కాబట్టి మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా, లేదంటే సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ దాకా. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు అక్టోబర్‌కే. నీళ్లు తగ్గి, తేటగా ఉంటాయి.

ఎలా వెళ్లాలి? హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ఎక్కడి నుంచైనా ముందు ఢిల్లీ. అక్కడ సాయంత్రం మనాలి బస్సు ఎక్కండి. మనాలి దాకా వెళ్లకూడదు! పొద్దున ఔట్ దగ్గర, టన్నెల్‌కి ముందే దిగిపోవాలి. నిద్రపోతే అయిపోయింది, అందుకే కండక్టర్‌కి ముందే చెప్పి పెట్టుకోండి. అక్కడి నుంచి లోకల్ బస్సులోనో టాక్సీలోనో బంజార్, తర్వాత గుషైనీ. నది ఒడ్డునే హోమ్‌స్టేలు ఉంటాయి. మత్స్యశాఖ పర్మిట్ లేకుండా గాలం వేయకూడదు. అది ఎక్కడ ఇస్తారో, ఏ సైజు చేపని ఉంచుకోవచ్చో, రోజుకి ఎన్నో బుక్ చేసేటప్పుడే హోమ్‌స్టే వాళ్లని అడగండి. నేషనల్ పార్క్ లోపలికి వెళ్లాలంటే పర్మిషన్ వేరే.

ఇక సామాను. మామూలు గాలంలో ఎర బరువో సీసం గుండు బరువో దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఉల్టా. ఈక, దారం చుట్టి చేసిన ఈగ బొమ్మకి బరువే ఉండదు. లావుపాటి లైన్ బరువే దాన్ని మోసుకెళ్తుంది. మొదటిసారికి 9 అడుగుల, 5 వెయిట్ రాడ్ చాలు, తేలే లైన్ పెట్టుకోండి. కొనక్కర్లేదు, గైడ్ దగ్గర అద్దెకి దొరుకుతుందేమో ముందే కనుక్కోండి. రాడ్ ఉంటే ఇంటి దగ్గర గ్రౌండ్‌లో రెండు వారాలు, రోజుకి 20 నిమిషాలు విసరడం ప్రాక్టీస్ చేయండి. గాలం బదులు చిన్న ఉన్ని ముక్క కట్టండి, లేకపోతే మన చెవికే తగులుతుంది.

నది దగ్గర ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి నిలబడుతుంది, తిండి కొట్టుకొస్తుందని. కాబట్టి మనం దిగువ నుంచి, దాని వెనక నుంచి మెల్లగా రావాలి. పెద్ద రాయి వెనక, వేగం నీళ్లు నెమ్మది నీళ్లు కలిసే గీత మీద వెయ్యండి. చేప పడితే చేతులు తడిపి పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర పోతుంది. ముల్లు లేని గాలం వాడితే వదలడం తేలిక.

ఇప్పుడు ఆ సీరియస్ విషయం. ఔట్‌కి కాస్త ముందు, బియాస్ నది ఒడ్డున థలోట్ అనే చోటు వస్తుంది. 2014 జూన్ 8 సాయంత్రం, టూర్‌కి వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ స్టూడెంట్స్ అక్కడ నదిలోకి దిగారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. వాళ్లు పిచ్చి సాహసాలేం చేయలేదు, రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు, అంతే.

తీర్థన్ మీద అలాంటి పెద్ద డ్యామ్ లేదు. కానీ పైన కొండల్లో వాన పడితే మన నెత్తిన ఎండ కాస్తున్నా నీళ్లు పెరుగుతాయి. అందుకే నా రూల్స్ ఇవి. దిగగానే నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుంటాను, పది నిమిషాలకోసారి చూస్తాను. రాయి మునిగినా, నీళ్లు రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొచ్చినా, చేప గాలానికి ఉన్నా సరే, వదిలేసి పైకి ఎక్కేస్తాను. మోకాలు దాటి దిగను. చేతికర్ర లేకుండా, ఒంటరిగా అసలు దిగను. డ్యామ్‌కి దిగువన అయితే నీళ్లు ఎంత ప్రశాంతంగా ఉన్నా కాలు పెట్టను.

ట్రౌట్ ఈ ఏడాది పడకపోతే వచ్చే ఏడాది పడుతుంది. మనం ఇంటికి రావాలి, అమ్మా నాన్నా ఎదురు చూస్తుంటారు. మీ గ్యాంగ్‌లో ఎవరైనా కులు మనాలి వైపు ప్లాన్ చేస్తుంటే, గాలం వేసినా వేయకపోయినా, ఈ ఆఖరి భాగం వాళ్లకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఈగ బొమ్మని ఇంట్లోనే ఎలా కట్టాలో చూద్దాం. అంతవరకూ జాగ్రత్త, ఉంటాను!