ఏకాభిప్రాయం లేనిచోట

యువ వైద్యులారా, వాళ్లను ఇంతదాకా తీసుకొచ్చిన తల్లిదండ్రులారా,

పట్టా అందుకునే రోజున కూడా లెక్కలేనా అని విసుక్కోకండి. ఆ లెక్కలతో మన ప్రాంతానికి పనుంది. మన పొదిలి, దర్శి, కనిగిరి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోవి. ఫ్లోరైడ్ నీళ్లు మనిషి ఎముకల్ని ఎలా బిగదీస్తాయో షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లో వివరంగా రాసింది ఆ జిల్లా రోగుల గురించే. ఇప్పటికీ నడుము వంగనివాళ్లు వస్తే ముంజేతికి ఎక్స్‌రే తీయిస్తాం. రెండు ఎముకల నడుమ పొర గట్టిపడిందేమో చూస్తాం.

ఈ వ్యాధి ఖాయమైన 100 మంది ఎక్స్‌రే ఫిల్ములను డాక్టరూ, కంప్యూటరూ చదివారనుకుందాం. డాక్టరు 80 మందిని గుర్తుపట్టారు, కంప్యూటర్ 86 మందిని. కంప్యూటరే మేలా?

ఈ రెండంకెలతో తేలదు. మన మిర్చి యార్డులో ఒకే టిక్కీని, అంటే మిర్చి బస్తాను, ఇద్దరు చూసి ఇద్దరూ బాగుందంటే, ఎవరి చూపు గట్టిదో తెలియదు. ఒకరు తాలు (నాసిరకం) అని, మరొకరు కాదన్నప్పుడే తెలుస్తుంది. ఇక్కడా అంతే. డాక్టరు పట్టిన 80 మందినీ కంప్యూటర్ పట్టి, మరో ఆరుగురిని అదనంగా పట్టిందనుకోండి. తేడా వచ్చిన 6 సార్లూ మొగ్గు ఒకవైపే. ఇద్దరూ సమానులైతే అలా జరగడం 32లో ఒక్కసారే. ఈ సంభావ్యతనే పి విలువ అంటాం: ఇక్కడ 0.03.

అలాకాక, 20 మందిని కంప్యూటర్ మాత్రమే, 14 మందిని డాక్టరు మాత్రమే పట్టారనుకోండి. అప్పుడూ 80, 86లే! కానీ పి విలువ 0.4 దగ్గరుంటుంది, ఎవరు మేలో చెప్పలేం. నాకైతే ఈ రెండోదే ఆసక్తి. ఇద్దరూ కలిసి 100 మందినీ పట్టేశారు కదా. మొదటి దాంట్లో ఇద్దరికీ 14 మంది దొరకనేలేదు.

ఇలా తేడా వచ్చినవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకునే పరీక్షను 1947లో మెక్‌నెమార్ చెప్పారు. మరుసటి ఏడాది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావుగారు స్కోర్ పరీక్ష అనే మరింత విస్తృతమైన పద్ధతిని ప్రతిపాదించారు. మెక్‌నెమార్ పరీక్ష కూడా ఆ గొడుగు కిందికే వస్తుంది. అయినా ఇద్దరూ చదివిన ఒకే 100 మందిని, ఎవరి వంద వారిదన్నట్టు 200 మందిగా లెక్కగట్టే పరిశోధన పత్రాలు మీ చేతికొస్తాయి. భిన్నాభిప్రాయాల పట్టిక ఏదని రాసినవాళ్లను అడగండి.

ఇంకో మాట. పైన చెప్పిన 100 మందీ రోగులే. ప్రతి ఫిల్ముకూ ‘జబ్బుంది’ అనే యంత్రానికైనా అక్కడ నూటికి నూరు వస్తాయి. జబ్బు లేనివాళ్ల ఫిల్ముల మీద కూడా ఇదే లెక్క వేసి చూపించేదాకా, యంత్రాన్ని కొనే కాగితం మీద సంతకం పెట్టకండి.