పేపరు ఎవరిదో తెలుసుకుని చదువుదాం
(మాధవరం సభలో సంఘం కార్యదర్శి ప్రసంగ పాఠం)



మనం ఇంట్లో తెలుగు పేపరు, టీ కొట్లో తమిళ పేపరు చదువుతాం. రెండు చోట్లా ఒకటే జబ్బు.

1982లో ఎన్.టి.రామారావు తెలుగుదేశం పెట్టినప్పుడు 'ఈనాడు' బాహాటంగా అండగా నిలిచింది. ఏడాది తిరగకముందే ఆ పార్టీ గద్దెనెక్కింది. 2008లో జగన్‌మోహన్‌రెడ్డి 'సాక్షి' పెట్టారు. ముందు పేపరు, 2011లో పార్టీ, 2019లో ప్రభుత్వం!

ఇక్కడ సన్ టీవీ 1993లో, జయ టీవీ 1999లో వచ్చాయి. 2007 మేలో కరుణానిధి వారసుడెవరని సన్ వారి 'దినకరన్' సర్వే వేసింది. మదురైలో ఆ పేపరు ఆఫీసుకు నిప్పు పెట్టారు. ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు. సెప్టెంబరులో కలైంజర్ టీవీ మొదలైంది. మరుసటి ఏడాది పెద్దల కుటుంబాలు కలిసిపోయాయి. పోయిన ముగ్గురూ మనలాంటి జీతగాళ్ళే!

అమెరికాలో రెండు పక్షాల మాటా వినిపించాలన్న ప్రసార నియమాన్ని 1987లో ఎత్తేశారు. 2020 ఎన్నికల ఓటింగ్ యంత్రాలపై అబద్ధాలు ప్రసారం చేశారన్న పరువునష్టం దావాలో ఫాక్స్ న్యూస్ 2023లో 78 కోట్ల 75 లక్షల డాలర్లకు రాజీపడింది. డబ్బు కంపెనీకి వెళ్ళింది. మోసపోయిన ఓటరుకు ఏం దక్కింది?

ఓటు ఎవరికి వేయాలో మేము చెప్పం. చానెల్ వారీగా మనం చీలితే మాత్రం వేతన ఒప్పందం నాడు యాజమాన్యానికి పండగే. అందుకే ఏ వార్తనైనా రెండో పేపరులోనూ చూద్దాం. బోనసు, గ్రాట్యుటీ, పి.ఎఫ్. గురించి ఏ పేపరు రాసిందో లెక్క పెడదాం. వాదించుకుందాం, విడిపోవద్దు.