మోకాలి ఇంప్లాంట్ ఒకే ముక్కగా ఎందుకు ఉండదు?

మోకాలు మార్పిడి అంటే మోకాలు మొత్తం తీసేసి కొత్తది పెట్టడం కాదు. అరిగిన ఎముక చివర్లని కొద్దిగా కోసి తొడుగులు వేస్తారు. తొడ ఎముకకి ఎక్కువగా కోబాల్ట్-క్రోమియం తొడుగు, కింద కాలి ఎముకకి లోహపు ట్రే, మధ్యలో పాలిథీన్ ఇన్సర్ట్.

విడివిడిగా ఎందుకంటే, మన కోడ్‌లో మాడ్యూల్స్ లాగే. సర్జన్ కాలు మడిచి, చాచి చూసి, బిగువుకి సరిపోయే మందం ఇన్సర్ట్ ఎంచుకుంటారు. ఏళ్ల తర్వాత ప్లాస్టిక్ అరిగినా, లోహం గట్టిగా ఉంటే, ఒక్కోసారి ఇన్సర్ట్ మాత్రమే మార్చొచ్చు.

కానీ అతుకు ఉన్నచోట కదలిక ఉంటుంది. ట్రే మీద ఇన్సర్ట్ కంటికి కనపడనంత కదిలినా అడుగువైపు అరుగుతుంది. ఆ పొడి వల్ల చుట్టూ ఉన్న ఎముక కరిగి, ఇంప్లాంట్ వదులవ్వొచ్చు. అందుకే డిజైనర్లకి అసలు పరీక్ష ఆ రెండిటినీ పట్టి ఉంచే లాక్.

ఆ లాక్ కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. ఒకదాని ఇన్సర్ట్ ఇంకోదానికి పట్టదు. మీ అమ్మమ్మకో నాన్నకో ఆపరేషన్ అయితే కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబర్ ఉన్న ఇంప్లాంట్ స్టిక్కర్లు అడిగి తీసుకోండి. ఫోటో తీసి దాచండి. రేపు ఆ ముక్క మార్చాల్సి వస్తే, సర్జన్‌కి ముందు కావాల్సింది అదే.