కుర్చీ మీది నమాజు, కోలుకునే రోజుల సహనం

స్తుతులన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఎముకను ఎముకతో కూర్చి, వాటిపై కండరాలను అల్లి, మనల్ని నిలబెట్టినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

మానవదేహంలో 360 కీళ్ళున్నాయనీ, తెల్లవారిన ప్రతిరోజూ ఒక్కొక్క కీలు తరఫున ఒక్కొక్క దానం మనపై బాకీ ఉంటుందనీ దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసులు సహీహ్ ముస్లింలో ఉన్నాయి. ఆ బాకీ తీర్చటానికి ధనమే అవసరం లేదు. సుబ్‌హానల్లాహ్ అనటం దానమే. ఒక మంచిమాట చెప్పటం దానమే. ఆ దానాలన్నింటికీ బదులుగా పొద్దెక్కిన తరువాత చేసే రెండు రకాతుల చాష్త్ నమాజు సరిపోతుంది. ఆరోగ్యం ఉన్నంతకాలం ఆ 360 కీళ్ళలో ఒక్కటీ మనకు జ్ఞాపకం రాదు. సజ్దా నుంచి లేవబోయి మోకాలు పట్టేసిన రోజున మాత్రం, ఇంతకాలం ఎంతటి అనుగ్రహం మీద మోపి నమాజు చేశామో తెలిసివస్తుంది.

మిమ్బర్ మీద మోకాళ్ళ ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. గోడవారగా వేసిన కుర్చీలలో కూర్చున్న పెద్దలలో కొందరు మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవారు, మరికొందరు చేయించుకోబోతున్నవారు. ఇక ఇళ్ళలో ఉన్న మన తల్లుల సంఖ్య వేరు. వారందరి నోటా వినబడే ప్రశ్న ఒకటే: “నేను మళ్ళీ నేలమీద సజ్దా చేయగలనా?” ఈ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. 50 ఏళ్ళు నుదురు నేలకు ఆన్చిన మనిషికి అది కాలి గురించిన ప్రశ్న కాదు, తన ప్రభువు దగ్గర తన స్థానం గురించిన ప్రశ్న.

ముందుగా వైద్యం విషయం. చికిత్స చేయించుకోవచ్చా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోండి అని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఒక్క వార్ధక్యానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని తెలిపారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలోని ఈ హదీసును మోకాలి రోగులు రెండు వైపులా చూడాలి. చికిత్స పొందటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అదే సమయంలో, చికిత్స వలన పోయేది వ్యాధే గాని వయసు కాదు. అరవై అయిదేళ్ళ మనిషికి కొత్త మోకాలు వేసినంత మాత్రాన ఇరవై అయిదేళ్ళ కాలు రాదు.

ఈ ఆపరేషన్‌లో అరిగిపోయిన మృదులాస్థిని, తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను పలుచగా కోసి తీసివేస్తారు. ఆ స్థానంలో లోహపు తొడుగులు అమర్చి, రెంటి నడుమ గట్టి ప్లాస్టిక్ పలకను ఉంచుతారు. చాలా ఆసుపత్రులలో ఆ రోజే, లేదా మర్నాడే వాకర్ పట్టించి నిలబెడతారు. అది చూసి ఇంటిల్లిపాదీ సంబరపడతారు. అసలు పరీక్ష మొదలయ్యేది ఇంటికి వచ్చాక. వాపు నెలల తరబడి ఉంటుంది. రాత్రి ఏ పక్కకు తిరిగినా నిద్ర రాదు. తొడ కండరం నీరసించి కాలు మాట వినదు. పూర్తి బలం చేకూరటానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఆరు వారాలకు పరామర్శలు ఆగిపోతాయి, నొప్పి మాత్రం ఆగదు. నిజమైన సహనం దెబ్బ తగిలిన తొలిక్షణంలో చూపేదేనని దైవప్రవక్త (స) నేర్పారు. ఆ తొలిక్షణాన్ని దాటినవారు కూడా నూరవ రోజున, ఎవరూ చూడనప్పుడు, అదే కాలును అదే మంచంమీద మళ్ళీ ఎత్తవలసి వచ్చినప్పుడు నిరుత్సాహపడటం మనం చూస్తున్నాము.

ఇక్కడ సహనమంటే ఏమిటో సరిగా గ్రహించాలి. “సబర్ చేయండి” అని మనం రోగికి చెప్పే మాటలో, కదలక మెదలక పడి ఉండమన్న అర్థం ఎలాగో చేరిపోయింది. ఖుర్ఆన్ చూపే సహనం అటువంటిది కాదు. సహనమూర్తి అనగానే మనకు స్ఫురించే ప్రవక్త అయ్యూబ్ (అ). దీర్ఘకాలం బాధ అనుభవించి ఆయన తన ప్రభువును వేడుకున్నారు. దానికి జవాబుగా వచ్చిన ఆజ్ఞ సాద్ సూరా 42వ ఆయతులో ఉంది: కాలితో నేలను తాకించమని! అప్పుడే స్నానానికి, తాగటానికి చల్లని నీరు లభించింది. తలచుకుంటే అల్లాహ్ ఆ నీటిని ఆయన పడక దగ్గరికే పంపగలడు. అయినా బాధితుడి కాలినే కదపమన్నాడు. మర్యమ్ (అ) విషయమూ ఇంతే. ప్రసవ వేదనలో ఉన్న ఆ తల్లిని ఖర్జూరపు చెట్టు మొదలు పట్టి ఊపమని ఆదేశం వచ్చింది. బలవంతులకే కదలని చెట్టు అది. ఆమె చేయగలిగినది చేయి వేయటమే, పండ్లు రాల్చినది అల్లాహ్.

కనుక ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం ఎగ్గొట్టి తస్బీహ్ తిప్పుతూ కూర్చోవటాన్ని సహనమని మేము అనలేము. మడమను పరుపుమీద జరుపుతూ మోకాలు వంచటం, కాలు చాపి తొడ కండరాన్ని బిగించి వదలటం, పాదాన్ని పైకీ కిందికీ ఆడించటం చూడటానికి పిల్లల ఆటల్లా ఉంటాయి. చేసేవారికే వాటి కష్టం తెలుసు. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని హదీసులో ఉంది. ఆరాధనల గురించి చెప్పిన ఆ సూత్రం ఈ వ్యాయామానికీ చక్కగా వర్తిస్తుంది. బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టి, లెక్కకు అంకెల బదులు సుబ్‌హానల్లాహ్ అనుకుంటూ చేయండి. ఆ కీలు తరఫు దానం కూడా అక్కడికక్కడే తీరుతుంది.

మరొక చిన్న విషయం. మోకాలి కింద దిండు పెట్టుకుంటే ఎంతో హాయిగా ఉంటుంది. వైద్యులు మాత్రం వద్దంటారు. ఎందుకంటే, అలా వంగి ఉన్న కాలు అలాగే బిగిసి, తరువాత తిన్నగా చాచటానికి రాదు. ప్రేమకొద్దీ దిండు సర్దే కోడళ్ళు, కూతుళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బద్ధకం ఒక అసహనమైతే, తొందరపాటు మరొకటి. ఇది మన నమాజీలలో ఎక్కువ. నాలుగో వారంలోనే వాకర్ గోడకు ఆనించి, ఇమామ్ వెనుక మొదటి వరుసలో నిలబడి, అందరితోపాటు సజ్దాకు దిగి, లేవలేక ఇద్దరి చేతుల మీద లేచిన పెద్దలున్నారు. వారి తపనను మేము గౌరవిస్తాము, వారి పనిని సమర్థించము. కుర్చీలో కూర్చుని లేవటానికి మోకాలు సుమారు 90 డిగ్రీలు వంగితే చాలు. ఖాయిదాలో మడమల మీద కూర్చోవాలంటే 150 డిగ్రీల వరకు వంగాలి. మార్చిన మోకాలు చాలామందికి 110 నుంచి 125 డిగ్రీల మధ్య ఆగిపోతుంది. అంటే, ఎంత శ్రద్ధగా కోలుకున్నా కొందరు జీవితాంతం కుర్చీమీదే నమాజు చేయవలసి ఉంటుంది. ఈ మాట వినటానికి కష్టంగా ఉంటుంది. అయినా ఆపరేషన్‌కు ముందే తెలియటం మేలు. కొత్త మోకాలును నేలకు ఆన్చవచ్చా, ఆన్చితే ఎప్పటినుంచి అన్నది మీ సర్జన్‌నే అడగండి, పక్కింటివారిని కాదు.

అయితే కుర్చీమీది నమాజు తక్కువ నమాజా? హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు మూలవ్యాధి ఉండేది. ఆయన అడిగినప్పుడు, నిలబడి చేయమనీ, వీలుకాకుంటే కూర్చుని, అదీ వీలుకాకుంటే పక్కకు ఒరిగి చేయమనీ దైవప్రవక్త (స) చెప్పారు. ఇది సహీహ్ బుఖారీలోనిది. మహాప్రవక్త (స) కూడా గుర్రం మీదినుంచి పడి గాయపడినప్పుడు కూర్చునే నమాజు చేయించారు. చివరి అస్వస్థతలో ఇద్దరి భుజాల ఆసరాతో, పాదాలు నేలమీద ఈడ్చుకుంటూ మస్జిద్‌కు వచ్చారు. వాకర్‌తో వచ్చే మన పెద్దలు ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకుంటే, సిగ్గుపడవలసినదేమీ కనిపించదు. కూర్చుని చేసే నమాజుకు సగం పుణ్యమే అన్న హదీసు చాలామందిని బాధిస్తుంది. అది శక్తి ఉండి కూడా కూర్చుని చేసే నఫిల్ నమాజుల గురించి అని పండితులు వివరించారు. అశక్తుడి సంగతి వేరు. వ్యాధిగ్రస్తుడైన దాసుడికి, ఆరోగ్యకాలంలో అతడు చేస్తూ వచ్చిన ఆచరణలే వ్రాయబడతాయని బుఖారీ గ్రంథంలోనే ఉంది. మీ 50 ఏళ్ళ సజ్దాలు ఆగిపోలేదు.

మసాయిల్ విషయం క్లుప్తంగా చెబుతాము. కూర్చుని సైగతో చేసేటప్పుడు రుకూకన్నా సజ్దాకు కాస్త ఎక్కువ వంగాలి. నిలబడగలిగి సజ్దా మాత్రం చేయలేనివారు ఖియామ్ నిలబడి చేయాలా, మొదటినుంచీ కూర్చోవచ్చా అన్నదానిలో అభిప్రాయభేదం ఉంది. హనఫీ గ్రంథాలు మొదటినుంచీ కూర్చోవటానికి అనుమతిస్తాయి, ఇతర మజ్‌హబ్‌ల ప్రకారం నిలబడగలిగినంత మేరకు నిలబడాలి. మీరు అనుసరించే ఉలమాను అడిగి నిశ్చింతగా ఉండండి. మోకాలు వుజూ అవయవాలలో లేదు కనుక గాయపు కట్టు వుజూకు అడ్డు కాదు. విధి స్నానం విషయంలో తడి తగలకూడదని వైద్యుడు చెప్పినంతకాలం కట్టుపై మసహ్ చేసే సౌలభ్యం ఉంది. వంగి పాదాలు కడుక్కోలేకపోతే మరొకరు నీళ్ళు పోయవచ్చు. దైవప్రవక్త (స)కు వుజూ నీళ్ళు హజ్రత్ ముగీరా (రజి) పోశారు.

రోగికి ఈ సౌలభ్యాలు లేవని తెలియక చెప్పేవారికి ఒక భయంకరమైన హదీసు ఉంది. అబూ దావూద్‌లో ఉంది. ప్రయాణంలో ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తరువాత ఆయనకు స్నానం విధి అయింది. తయమ్ముమ్ చేయవచ్చా అని తోటివారిని అడిగితే, నీళ్ళుండగా కుదరదన్నారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించి, ఆయన చావుకు వారినే బాధ్యులను చేశారు. తెలియనివారు అడిగి తెలుసుకోవలసిందని చెప్పారు. “బజారుకు నడిచి వెళ్ళేవాడు సజ్దా చేయలేడా?” అని కుర్చీలవైపు చూసి గొణిగేవారు ఈ హదీసును ఒకటికి రెండుసార్లు చదవాలి. నడిచే మోకాలు వేరు, మడమల దాకా మడిచే మోకాలు వేరు.

మన ఇళ్ళలో పెద్దావిడకు ఆపరేషన్ జరిగితే పరిస్థితి మరీ ఇబ్బందికరం. చూడవచ్చిన చుట్టాలకు టీ కోసం ఆమే లేచి వంటింట్లోకి వెళుతుంది. రోగిని పరామర్శించటం మనపై ఉన్న హక్కే. అయితే కాసేపు కూర్చుని, దుఆ చేసి, లేచి వచ్చేయటమే ఆ హక్కును నెరవేర్చటం. ఆమె వ్యాయామం చేసుకునే వేళ ఎవరూ ఏ పనీ చెప్పకుండా చూడటం కొడుకుల బాధ్యత. కోడళ్ళ మీదకు నెట్టివేసే పని కాదిది.

సహనం పేరిట దాచకూడనివి కొన్ని ఉన్నాయి. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, జ్వరం తగిలినా, కుట్లనుంచి చీము, రసి కారినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి, అది రక్తపు గడ్డ కావచ్చు. రమజానులో మందులు మానేసి ఉపవాసం పట్టటం కూడా ఇటువంటిదే. రోగికి ఉపవాసాన్ని తరువాతి దినాలకు మార్చుకునే సౌలభ్యాన్ని బఖరా సూరాలో అల్లాహ్ స్వయంగా ఇచ్చాడు.

మస్జిద్ కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వుజూ దగ్గర నేల జారకుండా పరుపు, పట్టుకోవటానికి ఒక కడ్డీ, ఎత్తయిన రెండు పీటలు ఏర్పాటు చేయండి. మడతపడిన జానమాజు అంచుల్ని సరిచేయించండి. కుర్చీలన్నింటినీ వెనుక మూలకు నెట్టక, వరుసల చివర్లలో కొన్నింటికి చోటివ్వండి. ఎన్నో ఏళ్ళు మొదటి వరుసలో నిలబడినవారు ఆ వరుసలోనే కూర్చోగలగాలి.

ఓ అల్లాహ్! నొప్పితో ఈ రాత్రి నిద్రపట్టని మా పెద్దలకు, మా తల్లులకు స్వస్థత ప్రసాదించు. వారు ఎత్తే ఒక్కొక్క అడుగును, వంచే ఒక్కొక్క డిగ్రీని వారి పాపాలకు పరిహారంగా స్వీకరించు. నేలకు అందని వారి నుదుళ్ళ సజ్దాలను నీ సన్నిధిలో ఆమోదించు. ఆమీన్.