నాలుగు మగ్గాల ఊళ్లు, ఒక ట్రంకుపెట్టె
(సూరత్ నగరంలోని పర్వత్ పాటియాలో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



వలస కార్మికుల పట్ల మన కర్తవ్యమేమిటో చెప్పమని నన్ను కోరినారు. ఇటువంటి విషయం మీద ఉపన్యసించడం కష్టమేమీ కాదు. కొన్ని లెక్కలు చెప్పి, ఒక తీర్మానం చదివి, జిందాబాద్ కొట్టి ఇంటికి పోవచ్చును. నేనూ అటువంటి ఉపన్యాసాలు చాలా చేసినాను. ఈ రోజు మాత్రం ఒకే ఒక కుటుంబం సంగతి చెప్పదలచినాను. వారిది సిరిసిల్ల ప్రాంతం. ఇక్కడికి పది నిమిషాల నడక దూరంలో ఒక గదిలో ఉంటున్నారు. పేర్లు చెప్పను; చెప్పవద్దని వారే కోరినారు.

2016లో ఆ ఇంటి పెద్దకొడుకు మా కార్యాలయానికి వచ్చినాడు. అప్పటికి నలభై దాటినవాడు. 1997 నుంచి ఒకే ఖాతాలో, అంటే ఒకే మరమగ్గాల షెడ్డులో, పంతొమ్మిదేళ్లు పనిచేసినాడు. యజమాని మగ్గాలు అమ్మివేసి తాళం పెట్టినాడు. గ్రాట్యుటీ అడిగితే "నీవెవరో నాకు తెలియదు" అన్నాడు. నియామకపత్రం లేదు, హాజరు చీటీ లేదు, ప్రావిడెంటు ఫండు నంబరు లేదు. ఆ పంతొమ్మిదేళ్లలో ఖాతా బోర్డు మీద పేరు మూడుసార్లు మారినది. మగ్గాలు మారలేదు, సేఠు మారలేదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం 2025 నవంబరు దాకా పదిమందీ, అంతకు మించీ పనిచేసే సంస్థలకు వర్తించినది. ఐదేళ్ల ఎడతెగని సర్వీసు ఉండవలసి ఉండేది. ఆ సర్వీసును రుజువు చేసే భారం చివరకు ఎవరి నెత్తిన పడుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

"సారూ, సాంచెల మోతల నా చెవులు పోయినయ్. గదే నా సర్టిఫికెట్" అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు.

కాగితాలేమైనా ఉన్నవా అని అడుగుతూ పోగా, తల్లి దగ్గర ఒక ట్రంకుపెట్టె ఉన్నదని తెలిసినది. ఆ అవ్వకు చదువు రాదు. కాని చేతికి వచ్చిన ఏ కాగితాన్నీ పారవేయలేదు. ఆ పెట్టెను ముందు పెట్టుకొని, ఆమె చెబుతుంటే మేము వ్రాసుకొంటూ, మూడు ఆదివారాలు కూర్చున్నాము. ఒక మనిషి పంతొమ్మిదేళ్ల లెక్క కోసం మొదలుపెట్టిన పని, మూడు తరాల లెక్క అయినది.

తాత చేనేత పద్మశాలి. పల్లెలో నూలు దొరకక, నేసిన బట్టకు ధర లేక, సోలాపూరు పోయినాడు. అది కొత్త దారి కాదు. 1874లో సికింద్రాబాదు నుంచి వాడి జంక్షనుకు రైలు పడిన తరువాత తెలంగాణ నేతగాళ్లకు బొంబాయి వైపు దారి తెరచుకున్నది. సోలాపూరులో నూలు మిల్లులు కూడా ఆ రోజులలోనే మొదలైనవి. నేటికీ ఆ నగరం తూర్పు పేటలలో మార్కండేయుని గుడి చుట్టూ తెలుగే వినిపిస్తుంది. తాత చేతిమగ్గం మీద దుప్పట్లు నేసినాడు. కొడుకు, అంటే అవ్వ భర్త, మరమగ్గం ఎక్కినాడు. అవ్వ ఇంటిలో బీడీలు చుట్టినది.

ట్రంకుపెట్టెలో అన్నింటికంటె అడుగున ఉన్నది ఆ బీడీల లెక్కపుస్తకమే. ఏ రోజు ఎంత ఆకు ఇచ్చినారు, ఎన్ని బీడీలు పుచ్చుకున్నారు, ఎన్ని తీసివేసినారు, అన్నీ వరుసగా వ్రాసి ఉన్నవి. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇళ్లలో పనిచేసేవారిని కూడా కార్మికులుగా గుర్తించినది. కనుక ఆ ఇంటిలో మొదట పుస్తకానికెక్కిన కార్మికురాలు ఆమె. మగవారెవరూ కాదు. ఈ మాట చెప్పినప్పుడు కొడుకులిద్దరూ ఆమె వంక కొత్తగా చూసినారు.

ఆ పుస్తకాల విలువ ఎంతో సోలాపూరే తరువాత చూపించినది. ఆ నగరంలో బీడీ కార్మిక స్త్రీలు సంఘం పెట్టి, ఏళ్ల తరబడి పోరాడి, గోదావరి పరులేకర్ పేరిట 10 వేల ఇళ్లు కట్టించుకున్నారు; 2006లో అవి చేతికి వచ్చినవి. ఆ పోరాటానికి నాయకుడు నర్సయ్య ఆడం, మన తెలుగువాడే. మన అవ్వ అప్పటికి సోలాపూరు విడిచి చాలా కాలమైనది. ఆ ఇళ్ల సంగతి నేను చెప్పినప్పుడు కొంచెంసేపు ఊరుకొని, "మా ఆయిన భీవండికి పోదామన్నడు, పోయినం" అన్నది.

భీవండిలో ఎనిమిదేళ్లు ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లకు పెట్టెలో ఉన్నది ఒకే ఒక కాగితం: రెండవ కొడుకు పుట్టినప్పటి ఆసుపత్రి చీటీ. భర్త రోజుకు పన్నెండు గంటలు మగ్గం నడిపినాడు, ఆమె కండెలు చుట్టినది. మీటరు లెక్కన కూలి, పదిహేను రోజులకొకసారి చేతిలో డబ్బు, సంతకం లేదు, వేలిముద్ర లేదు. 1984 మే నెల అల్లర్లలో భీవండి తగలబడినప్పుడు పిల్లలనూ, ఒక దుప్పటినీ, ఈ పెట్టెనూ తీసుకొని బయటపడి సూరత్ చేరినారు. అప్పటినుంచి సూరతే.

1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినది. ఆ రోజులలో సూరత్ స్టేషనులో పనిచేసిన మిత్రులకు ఆ ప్లాట్‌ఫారాలు జ్ఞాపకముంటవి. అవ్వ, ఆమె భర్త, చిన్నవాడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దాకా నిలబడి పోయి, అక్కడినుంచి బస్సులో ఊరు చేరినారు. భర్త రాకపోకలు సాగించినాడు. అవ్వ మాత్రం ఊరిలోనే ఉండిపోయినది. ఇరవై ఏళ్ల పెద్దకొడుకు తిరిగి వచ్చి, 1997లో ఆ ఖాతాలో చేరినాడు. ఖాతా మేడమీదనే పడుకొనేవాడు. నెల నెలా తల్లికి మనియార్డరు పంపేవాడు.

తపాలా సోదరులకు ఇక్కడ విషయం అర్థమై ఉంటుంది. పాత మనియార్డరు ఫారానికి అడుగున కూపను ఉండేది. డబ్బు పుచ్చుకున్నవారు దానిని చించి తమవద్ద ఉంచుకొనేవారు. అందులో పంపినవారి పేరు, చిరునామా, రూపాయలు, రెండు మాటలు వ్రాయడానికి చోటు. ఇతడు ఉండేది ఖాతాలోనే గనుక చిరునామా ఖాతాదే వ్రాసినాడు. ముట్టినట్టు తల్లి వేలిముద్ర వేసిన రసీదులు తిరిగి ఇతని దగ్గరకు వచ్చేవి. అవన్నీ 2006 ఆగస్టు వరదలో తాపీ పాలైనవి. కూపన్లు మాత్రం ఊరిలో, ట్రంకుపెట్టెలో ఉన్నవి. లెక్కపెట్టితే 118. మొదటిది 1997లోది, చివరిది 2008లోది. ఖాతా బోర్డు మీద మారిన పేర్లలో రెండు కూడా ఆ చిరునామాలలో కనిపించినవి. ప్రతిదాని మీదా తపాలా కార్యాలయం తేదీముద్ర.

2008లో ఎందుకు ఆగినవి? భర్త పోయినాడు, ఒంటరిగా ఎందుకని తల్లిని కొడుకు సూరత్ తెచ్చుకున్నాడు. తల్లి దగ్గరకు వచ్చినది గనుక సాక్ష్యం ఆగిపోయినది.

ఆ కూపన్ల నకళ్లు గ్రాట్యుటీ అధికారి ముందు పెట్టినాము. తోటి పనివారిద్దరు ధైర్యం చేసి సాక్ష్యం చెప్పినారు. పధ్నాలుగు నెలల తరువాత యజమాని రాజీకి వచ్చి పదకొండేళ్ల గ్రాట్యుటీ చెల్లించినాడు. ఏడాదికి పదిహేను రోజుల కూలి చొప్పున పదకొండేళ్లు. మిగిలిన ఎనిమిదేళ్లూ కాగితం లేనందున పోయినవి. ఇది విజయమని మా వార్షిక నివేదికలో వ్రాసినారు. నేను ఆ మాటను కొట్టివేయించినాను.

రైల్వే సోదరులు మన్నించవలెను. మూడు తరాల ప్రయాణాలలో ఒక్క టిక్కెట్టు కూడా పెట్టెలో లేదు. గేటు దగ్గర మీవారే తీసుకున్నారు.

ఈ కేసు నడుస్తున్న రోజులలోనే ఆస్ట్రేలియా బంగారు గనుల కార్మికుల చరిత్ర చదవడం తటస్థించినది. మగ్గం వెంట ఊరు మారిన ఈ కుటుంబానికీ, బంగారం వెంట ఊరు మారిన ఆ కుటుంబాలకూ పోలిక కనిపించి ఆసక్తితో చదివినాను. 1851లో బల్లారత్, బెండిగోలలో బంగారం బయటపడగానే ఇంగ్లండులోని కార్న్‌వాల్ రాగి, తగరపు గనుల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఓడలెక్కినవి. అక్కడ పైపొర బంగారం అయిపోగానే 1880లలో బ్రోకెన్ హిల్ వెండి, సీసం గనులకు; 1892లో కూల్‌గార్డీలో, 1893లో కాల్గూర్లీలో బంగారం దొరకగానే ఎడారి దాటి అక్కడికి. తాత ఒక ఊరి శ్మశానంలో, తండ్రి మరొక ఊరిలో, కొడుకు ఇంకొక గనిలో.

ఆశ్చర్యమేమనగా, ఆ కుటుంబాల అడుగుజాడలు నేటికీ దొరుకుతవి. విక్టోరియా రాష్ట్రంలో 1853 నుంచి మరణ ధ్రువపత్రంలో పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, ఆ దేశానికి వచ్చి ఎన్నేళ్లైనది, పిల్లల పేర్లు అన్నీ వ్రాసినారు. ఓడలలో దిగినవారి జాబితాలు భద్రపరచినారు. 1882 డిసెంబరులో క్రెస్విక్ వద్ద ఒక బంగారు గనిలోకి నీరు పొంగి 22 మంది మునిగి చనిపోయినారు. నీరు పైకి వస్తుండగా వారు తమ టీ డబ్బాల మీద ఇంటివారికి కడపటి మాటలు గీసినారు. కాగితం లేనిచోట రేకు మీద.

అయితే ఆ దేశాన్ని ఆదర్శంగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆ లెక్కలు తెల్లవారి లెక్కలు. 1855లో ఓడ దిగే ప్రతి చైనీయునిపై విక్టోరియా ప్రభుత్వం 10 పౌన్ల పన్ను వేసినది. అది తప్పించుకొనడానికి వారు పక్క రాష్ట్రంలోని రోబ్ రేవులో దిగి వందల మైళ్లు నడచినారు. ఆ నేలకు అసలు సొంతదారులైన ఆదిమవాసులను జనాభా లెక్కలో కలపరాదన్న నిబంధన 1967 దాకా రాజ్యాంగంలోనే ఉన్నది.

కాగితమైతే చాలునా అన్నది మరొక ప్రశ్న. బల్లారత్ గని కార్మికులకు లైసెన్సు కాగితం ఉండేది. నెలకు 30 షిల్లింగులు. బంగారం దొరకకపోయినా కట్టవలెను, పోలీసు అడిగినప్పుడల్లా చూపవలెను. 1854లో వారు ఆ లైసెన్సులనే కుప్పపోసి తగలబెట్టినారు. డిసెంబరు 3న యురేకా వద్ద సైన్యం వారిపై విరుచుకుపడినది. మరుసటి ఏడాది ఆ లైసెన్సు పోయి, సంవత్సరానికి ఒక పౌను చొప్పున గని హక్కుపత్రం వచ్చినది. దానితో ఓటు కూడా వచ్చినది. మన కోలారు బంగారు గనులలో చిత్తూరు జిల్లా తెలుగువారూ, ఉత్తర ఆర్కాటు తమిళులూ పనిచేసినారు. వారిని వేలిముద్రలతో నమోదు చేయబూనినప్పుడు, 1930లో, వేలమంది పని మానివేసినారు. వారికి అక్షరాలు రాకపోవచ్చును. ఆ ముద్ర ఎవరి చేతిలోకి పోతుందో మాత్రం తెలుసును. కనుక కాగితం ఉన్నదా అని మాత్రమే కాదు, ఎవరి పెట్టెలో ఉన్నదని కూడా అడగవలసి ఉన్నది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, కాంట్రాక్టరు ప్రతి కార్మికునికీ ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వవలెనన్నది. ఈ కుటుంబంలో దానిని చూసినవారు లేరు. మేస్త్రీ పిలిస్తే వచ్చినవారిని కాంట్రాక్టు మనుషులని ఎవరు ఒప్పుకొంటారు? ఆ చట్టాన్ని 2020 నాటి కోడ్‌లో కలిపివేసినారు. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. కోడ్‌లను మనం వ్యతిరేకించినాము, నేటికీ వ్యతిరేకిస్తున్నాము. అయినప్పటికీ ప్రతి ఉద్యోగికీ నియామకపత్రం ఇవ్వవలెనన్న వాక్యం ఒకటి అందులో ఉన్నది. మిగిలినదానితో పోరాడుతూనే ఆ వాక్యాన్ని పట్టుకొని ఖాతాలలోకి వెళ్లవచ్చును.

ఇది పరాయివారి సంగతి అని రైల్వే సోదరులు అనుకొనరాదు. 1985లో సుప్రీంకోర్టు ఇందర్‌పాల్ యాదవ్ కేసులో ప్రాజెక్టు క్యాజువల్ లేబరుకు అనుకూలంగా తీర్పు ఇచ్చినది. అప్పుడు పనిదినాలు వ్రాసిన కార్డు దాచుకున్నవారు ఒక దారిన పడినారు. కార్డు చెదలు తిన్నవారు కార్యాలయాల చుట్టూ తిరిగినారు. ఈనాడు మన స్టేషన్లు ఊడ్చే కాంట్రాక్టు కార్మికుల చేతిలో ఏ కార్డు ఉన్నది? మనలో ఎవరైనా ఒక్కనాడైనా అడిగినామా? తపాలాలో గ్రామీణ డాక్ సేవకుల సర్వీసు పెన్షను లెక్కలోకి రాదన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అవ్వకు ఆ 118 సార్లు డబ్బు తెచ్చి ఇచ్చినది అటువంటి సేవకుడే.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మా కార్యాలయంలో బల్ల వేస్తున్నాము. మగ్గాల కార్మికులు తమ దగ్గర ఉన్నవన్నీ తెస్తారు: పాత ఉత్తరాలు, కూపన్లు, బడి చీటీలు, ఆసుపత్రి చీటీలు, ఖాతా పేరున్న ఏ ముక్కైనా సరే. నకలు తీసి, వెనుక తేదీ, ఖాతా పేరు, మేస్త్రీ పేరు వ్రాసి, అసలు కాగితం అక్కడికక్కడే వారి చేతికి తిరిగి ఇవ్వవలెను. సంఘం దగ్గర కూడా అసలు ఉంచరాదు. ఇది అవ్వ పెట్టిన షరతు. తపాలా నుంచి ఇద్దరు, రైల్వే నుంచి ముగ్గురు పేర్లు ఇచ్చినారు. తేదీముద్రలు చెరిగిపోయినవి చదవగలిగిన పాత సార్టర్లు ఎవరైనా ఉంటే తప్పక రావలెను. గుజరాతీ చదవను వ్రాయను వచ్చినవారు ఇంకా ఇద్దరు కావలసి ఉన్నది.