దానముగా వచ్చిన యంత్రము – ఊరు పెట్టవలసిన వాటా
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాటి నా ప్రసంగము విత్తనమును గురించి కాదు, ఎరువును గురించి కాదు. కంపెనీలు, ధర్మనిధులు, విదేశ సంస్థలు ఇచ్చు గ్రాంటులతో మన పల్లెలకు వచ్చు కంప్యూటర్లు, కెమెరాలు, ప్రొజెక్టర్లు, మైకు సెట్లు మొదలగు పరికరములను గురించి. స్థానిక సేవాసంఘములు వీటిని తెచ్చుచున్నవి. కళాశాలల విద్యార్థులు వీటిని పట్టుకొని మన ఊళ్ళకు వచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే ఒకే రకపు పరికరము ఒక ఊరిలో ప్రాణములు కాపాడవచ్చును. మరియొక ఊరిలో తాళము వేసిన గదిలో దుమ్ము పట్టి పడియుండవచ్చును. ఈ భేదము యంత్రములో లేదు. ఊరు తన వంతుగా ఏమి పెట్టినది అన్న దానిలో ఉన్నది.

దానమిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడరాదని మన పెద్దలు చెప్పినారు. పళ్ళు చూడవద్దు. కాని ఆవును ఇంటికి తోలుకొని వచ్చుటకు ముందు పాక ఎక్కడ, మేత ఎవరు వేయుదురు, పాలు ఎవరెవరికి పంచవలెను అని ఆలోచించుటలో తప్పు లేదు. ఈ మూడు ప్రశ్నలకు ముందే జవాబు చెప్పుకొన్న గ్రామముల సంగతి మొదట మనవి చేసెదను.

పుదుచ్చేరి గ్రామముల అనుభవము

డాక్టర్ ఎం. ఎస్. స్వామినాథన్ గారు 1988లో చెన్నైలో నెలకొల్పిన పరిశోధన సంస్థ, 1998లో పుదుచ్చేరి ప్రాంతపు గ్రామములలో సమాచార కేంద్రములు ప్రారంభించినది. కెనడా దేశపు అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రము ఇందుకు గ్రాంటు ఇచ్చినది. విల్లియనూరులో ప్రధాన కేంద్రము. చుట్టుపట్ల ఊళ్ళలో చిన్న కేంద్రములు. టెలిఫోను సౌకర్యము సరిగా లేనందున వైర్‌లెస్ పద్ధతి వాడినారు. కరెంటు నమ్మకముగా ఉండనందున సౌరశక్తి పలకలు కూడ అమర్చినారు.

వారు మొదట చేసిన పని కంప్యూటరు పెట్టెలు దించుట కాదు. ఊరివారికి ఏ సమాచారము కావలెను, ఇప్పుడు అది ఎవరి నోట వినుచున్నారు అని ఇల్లిల్లు తిరిగి విచారించినారు. ధాన్యము ధర, విత్తనముల ధర, పశువులకు జబ్బు చేసినచో ఎవరిని పిలువవలెను, ప్రభుత్వ సహాయములకు ఎవరు అర్హులు, బస్సు ఎప్పుడు వచ్చును, ఆసుపత్రిలో వైద్యుడు ఎప్పుడు ఉండును – ప్రజలు అడిగినవి ఇటువంటివి. సముద్రపు ఒడ్డున ఉన్నవారికి కావలసినది వేరు: రేపు అల ఎంత ఎత్తు లేచును? వీటికి జవాబులు సేకరించి తమిళములో అందించినారు. ‘మన ఊరి వార్త’ అను అర్థము వచ్చు పేరుతో ఒక చిన్న తమిళ పత్రికను కూడ నడిపినారు.

ఊరు పెట్టవలసిన వాటాను ముందే నిర్ణయించినారు. గది ఊరివారే అద్దె లేకుండ ఇవ్వవలెను. కేంద్రమును నడుపువారు ఆ ఊరివారే కావలెను, వారిలో స్త్రీలు తప్పక ఉండవలెను. ఏ కులమువారైనను, ఎంత పేదవారైనను ఆ గది గడప దాటి లోపలికి రాగలుగవలెను. ఎంబలం గ్రామములో ఆలయమునకు చెందిన గదిలో కేంద్రము పెట్టినారు. పెద్ద చదువులు లేని గృహిణులు కంప్యూటరు నేర్చుకొని తోటివారికి సమాచారము చెప్పినారు.

వీరాంపట్టినము బెస్తవారి ఊరు. అక్కడి కేంద్రమువారు అమెరికా నౌకాదళము వెలువరించు సముద్ర వాతావరణ సూచనలు ఇంటర్నెట్టు ద్వారా తెప్పించుకొని, వాటిని తమిళములో మైకు ద్వారా వినిపించినారు. ఎక్కడి నౌకాదళము, ఎక్కడి కట్టుమరము! ఆ రెంటినీ కలిపినది ఒక లౌడ్‌స్పీకరు.

ఆ ప్రాంతముననే నల్లవాడు అను మరియొక బెస్తవారి గ్రామము ఉన్నది. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చిన ఉదయము, ఆ ఊరివాడొకడు సింగపూరులో పనిచేయుచుండెను. అక్కడ టెలివిజనులో వార్త చూచి, వెంటనే ఇంటివారికి టెలిఫోను చేసినాడు. ఊరివారు సమాచార కేంద్రపు తలుపు పగులగొట్టి లోపలికి పోయినారు. దినమూ సముద్రపు కబురు చెప్పు ఆ మైకులోనే, అందరు ఒడ్డు విడిచి పొండని కేకవేసినారు. సుమారు 3,600 మంది జనము గల ఊరు బ్రతికి బయటపడినది. సుమారు 150 ఇండ్లు, 200 పడవలు పోయినవి.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించండి. ఆ మైకు సెట్టు కొనుటకు గ్రాంటు డబ్బు పనికివచ్చినది, నిజమే. కాని ఆ ఉదయము పనిచేసినది డబ్బు ఒక్కటే కాదు. మైకు ఎక్కడ ఉన్నదో అందరికి తెలియును. దానిని ఎట్లు మాట్లాడించవలెనో ఊరివారికే తెలియును. అన్నిటికి మించి, దాని మాట వినుటకు ఊరి చెవులు అలవాటు పడియున్నవి. ఏడాదికొకసారి మంత్రిగారు వచ్చినప్పుడు మాత్రమే మ్రోగు మైకు అయినచో ఆ కేకను ఎవరు నమ్మియుందురు?

రైతు మాట రైతు వినును

రెండవ దృష్టాంతము మన పొలమునకు మరింత దగ్గరది. 2006లో మైక్రోసాఫ్ట్ కంపెనీవారి బెంగుళూరు పరిశోధనశాలలో ‘డిజిటల్ గ్రీన్’ అను ప్రయత్నము మొదలైనది. కర్ణాటకలో రైతులతో పనిచేయుచున్న గ్రీన్ ఫౌండేషన్ అను సేవాసంస్థ వీరికి తోడైనది. వారి పద్ధతి చాల సులభము. ఒక రైతు తన పొలములో చేయు మంచి పనిని చిన్న కెమెరాతో చిత్రము తీయుట, సాయంకాలము చుట్టుపట్ల రైతులను కూర్చోబెట్టి చూపించుట. బొమ్మను మధ్యమధ్య ఆపి ప్రశ్నలడుగుటకు, తరువాత ఎవరు ఆచరించినారో చూచుటకు ఆ ఊరి వ్యక్తి ఒకరు ఉండవలెను.

చిత్రము చూచిన రైతులు మొదట అడిగిన ప్రశ్న ఏమో తెలియునా? ‘ఆ రైతు పేరేమి? ఏ ఊరు?’ అని. కోటు తొడుగుకొన్న శాస్త్రజ్ఞుడు అరగంట చెప్పినదానికంటె, తనవంటి మట్టి, తనవంటి నీరు గల రైతు చేసి చూపినది మనస్సునకు పట్టును. 16 గ్రామములలో 13 నెలలపాటు జరిపిన పరిశీలనలో, కార్యకర్త ఊరూరు తిరిగి బోధించు శిక్షణ–సందర్శన పద్ధతికంటె ఈ పద్ధతిలో కొన్ని మేలైన సేద్యపు పనులను ఆచరించినవారు 7 రెట్లు ఎక్కువగా ఉన్నట్లు తేలినది. పెట్టిన ఖర్చుతో పోల్చి చూచినచో ఫలితము 10 రెట్లు. ఆ ప్రయత్నము 2008లో స్వతంత్ర సేవాసంస్థగా మారినది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లోను తెలుగు చిత్రములు తీసి మహిళా సంఘముల సమావేశములలో చూపించినారు.

కెమెరా ఎవరైనను కొనవచ్చును. నేడు ప్రతి ఇంటి చరవాణిలోను ఒకటి ఉన్నది. దొరకనిది బొమ్మ ఆపి ‘మన పొలములో ఇది కుదురునా?’ అని అడుగు మనిషి. గ్రాంటు అడుగునప్పుడు పరికరముల జాబితా వ్రాయుట అందరికి వచ్చును. ఆ మనిషికి సంవత్సరము పొడవున ఇవ్వవలసిన స్వల్ప భృతిని ఆ జాబితాలో చేర్చుట చాలమంది మరచెదరు.

విద్యార్థుల వలన పొందదగిన మేలు

జాతీయ సేవా పథకము 1969లో ప్రారంభమైనది. అందులో చేరిన విద్యార్థి 2 సంవత్సరములలో 240 గంటలు సంఘసేవ చేయవలెను. వ్యవసాయ కళాశాలల చివరి సంవత్సరపు విద్యార్థులు గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమము క్రింద పల్లెలలో ఉండి, రైతువెంట పొలమునకు వెళ్ళి నేర్చుకొందురు. ఈ పిల్లలకు పరికరములు వాడు నేర్పు ఉన్నది, ఉత్సాహము ఉన్నది. ఊరిలో నిలకడ మాత్రము లేదు. పంటకాలము ముగియగానే పరీక్షలకు వెళ్ళిపోవుదురు. అది వారి తప్పు కాదు.

కనుక వారు ఉన్నప్పుడే వారిచేత చేయించుకొనవలసిన పనులు మూడు. మొదటిది, మీ యాసలో, మీ పొలములో పాఠములు చిత్రము తీయించుకొనుట. వేరుశనగ విత్తనశుద్ధి ఎట్లు చేయవలెను, మొలకశాతము ఇంటిలోనే ఎట్లు చూచుకొనవలెను, పత్తిలో గులాబీరంగు పురుగును కనిపెట్టుటకు లింగాకర్షక బుట్టలు ఎంత ఎత్తున కట్టవలెను – ఇటువంటివి ఒక్కొక్కటి పది నిమిషములలో చెప్పదగినవి. తీసిన చిత్రమును ఊరిలో చూపుటకు ముందు కృషి విజ్ఞాన కేంద్రపు శాస్త్రజ్ఞులచేత తప్పులు సరిదిద్దించుకొనవలెను. తప్పు సలహా కూడ చిత్రములో చక్కగానే కనబడును సుమా!

రెండవది, ఊరిలో కనీసము ఇద్దరికి, అందులో ఒకరు స్త్రీ అగునట్లు, ఆ పరికరము నడుపుట నేర్పించుట. మూడవది, చిన్న మరమ్మతులు, తాళపు మాటలు, బాగుచేయువాని చిరునామా ఒక నోటు పుస్తకములో తెలుగులో వ్రాయించి ఉంచుకొనుట. తాళపు మాట విద్యార్థితోపాటు బస్సెక్కి వెళ్ళిపోయినచో కంప్యూటరు ఉత్త రేకు పెట్టె.

ధనము ఎక్కడినుండి వచ్చును?

ఇది చాలమంది రైతులకు తెలియని సంగతి. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, వార్షిక వ్యాపారము 1,000 కోట్లు గాని, నికర లాభము 5 కోట్లు గాని, అంతకు మించి గాని ఉన్న కంపెనీలు, గడచిన 3 సంవత్సరముల సగటు నికర లాభములో కనీసము 2 శాతము సంఘహిత కార్యములకు వ్యయము చేయవలెను. విద్య, గ్రామాభివృద్ధి ఆ కార్యములలో ఉన్నవి. కంపెనీ తాను పనిచేయు స్థలమునకు, దాని పరిసరములకు ప్రాధాన్యము ఇవ్వవలెనని కూడ చట్టము చెప్పుచున్నది. మీ ఊరి ప్రక్కన చక్కెర మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నచో ఈ మాట గుర్తుంచుకొనండి.

అయితే నలుగురు యువకులు కలిసి పెట్టుకొన్న సంఘమునకు ఈ ధనము నేరుగా రాదు. ఈ పనులు చేపట్టు సేవాసంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వపు కంపెనీ వ్యవహారముల శాఖవద్ద నమోదు కావలెను. సాధారణముగా 3 సంవత్సరముల సేవానుభవము, ఆదాయపు పన్ను శాఖవద్ద నమోదు ఉండవలెను. విదేశముల నుండి వచ్చు విరాళమునకు కేంద్ర హోం శాఖ అనుమతి తప్పనిసరి. అది లేకుండ పుచ్చుకొనుట నేరము. కావున కొత్త సంఘములు అనుభవము, లెక్కలు సరిగా గల స్థానిక సంస్థతో కలిసి దరఖాస్తు చేసికొనుట మేలు.

గ్రాంటు పుచ్చుకొనుటకు ముందు అడుగవలసినవి

1. ఈ పరికరముతో తీర్చదలచిన అవసరమేమి? దానిని ఊరివారు చెప్పినారా, ఇచ్చువారు ఊహించినారా?

2. గది ఎవరిది? ఒకరి ఇంటిలో పెట్టినచో అది వారి సొత్తగును. రైతు సేవా కేంద్రము, రైతు వేదిక, పంచాయతి కార్యాలయము, పాఠశాల వంటి అందరి స్థలమే శ్రేష్ఠము. మాల మాదిగ వాడల స్త్రీలు కూడ జంకు లేకుండ రాగలరా?

3. గ్రాంటు గడువు తీరిన మరుసటి నెల కరెంటు బిల్లు, ఇంటర్నెట్టు రుసుము ఎవరు కట్టుదురు? బ్యాటరీలు కొన్ని సంవత్సరములకొకసారి మార్చవలసియుండును. అందుకు నెలనెలా కొంత సొమ్ము విడిగా వేయుచున్నారా?

4. బాధ్యత ఎవరిది? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదన్నట్లు, అందరిది అనుకొన్న యంత్రము ఎవరిదీ కాక చెడిపోవును. ఇద్దరి పేర్లు కాగితముమీద వ్రాసి గోడకు అంటించవలెను.

5. లెక్క ఎవరికి చెప్పుదురు? వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు, ఆ నెలలో వచ్చి వాడుకొన్నవారి సంఖ్య – ఈ మూడును గ్రామసభలో చదివి వినిపించవలెను. పై సంవత్సరము గ్రాంటు అడుగుటకు ఈ చిట్టాయే మీకు సాక్ష్యము.

ఈ అయిదింటిలో మూడింటికైనను జవాబు లేనిచో, ‘మాకు మరి ఆరు నెలలు గడువిండు’ అని దాతతో చెప్పుటకు వెనుదీయకండి. మంచి దాత నొచ్చుకొనడు. ఫోటో తీయించుకొని పోవుటకు వచ్చినవాడు మాత్రమే తొందరపడును.

మన పెద్దలు చెరువు త్రవ్వించినప్పుడు దాతపేరు రాతిమీద చెక్కించినారు. నీరు పంచుటకు నీరుకట్టువానిని నియమించి, అతనికి ప్రతి పంటలోను ధాన్యము కొలిచి ఇచ్చినారు. రాతిమీది పేరు అరిగిపోయినను కయ్యలకు నీరు పారుచునే ఉన్నది. ఎందుకనగా నీరుకట్టువాని కూలి ఏనాడు ఆగలేదు. కంప్యూటరుకును, కెమెరాకును అటువంటి నీరుకట్టు మనిషి కావలెను. వచ్చు గ్రామసభలో, యంత్రము ఎవరిత్తురని అడుగుటకు ముందు, ఆ మనిషి ఎవరో, అతనికి గాని ఆమెకు గాని ఏమి ఇవ్వగలరో తేల్చుకొనండి. తరువాత దరఖాస్తు వ్రాయుటకు మా విస్తరణ సిబ్బంది, విద్యార్థులు మీకు తోడ్పడుదురు.