ఒకే రికార్డు, రెండు ఉత్తర్వులు

(మాడుగుల పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను డాక్టరును కాను. తాలూకా కచేరీలో చేరి, మండలాఫీసులో రిటైరైన గుమాస్తాను. నకళ్ళు రాయడమే నా ఉద్యోగం.

నా పక్కసీటు మిత్రుడు కాలేయ కేన్సరుతో పోయి మూడేళ్ళయింది. వాళ్ళింటివారి అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను. విశాఖలో అతనికి కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. పక్క మంచం ఆయనకూ అదే జబ్బు, అదే వైద్యం. ఆయన గడ్డ తగ్గింది, మావాడిది తగ్గలేదు. "ఏరా, నేనేం తప్పు చేశాను?" అనడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. బయోటెక్నాలజీ చదివే మనవరాలిని విసిగించి తెలుసుకున్నది ఇప్పుడు మనవి చేస్తాను.

కణంలో డి.ఎన్.ఏ. అసలు రికార్డు. దాన్ని గది దాటనివ్వరు. ఆర్.ఎన్.ఏ. అనే నకలు తీస్తారు. ఆ చిత్తుప్రతిలో అక్కరలేని పేరాలు కొట్టేసి, మిగిలినవి అతికించి సాపుప్రతి చేస్తారు. దీన్నే స్ప్లైసింగ్ అంటారు. 1977లో దీన్ని కనుగొన్నందుకు ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ గార్లకు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఏ పేరా ఉంచారన్నదాన్నిబట్టి ఒకే రికార్డునుంచి వేర్వేరు ఉత్తర్వులు వెలువడతాయి. బి.సి.ఎల్.-ఎక్స్ అనే జన్యువుంది. దాని పొడుగు నకలు కణాన్ని చావనివ్వదు, పొట్టి నకలు చావమంటుంది! మా కచేరీలో ఇలాంటి నకళ్ళిస్తే సస్పెండు చేసేవారు.

రేడియేషన్ కేన్సరు కణంలోని డి.ఎన్.ఏ.ను తెంపుతుంది. అంత దెబ్బతిన్న కణం చావాలి. పొడుగు నకళ్ళు ఎక్కువైతే తప్పించుకోగలదు. కాలేయ కేన్సరులో ఇలాంటి తేడాలను శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నారు. ఇదొక్కటే కారణమనుకోవద్దు, గడ్డ సైజూ, లివరు బలమూ కూడా లెక్కే. రేడియేషన్ ఎవరికి పనిచేస్తుందో ఈ నకళ్ళు చూసి ముందే చెప్పే పరీక్ష ఆసుపత్రుల్లో ఇంకా వాడుకలోకి రాలేదు. ఆ పేరుతో ఎవరైనా డబ్బడిగితే ముందు మీ కేన్సరు డాక్టరుగారిని అడగండి.

మావాడి జబ్బుకు మూలం హెపటైటిస్-బి. అది రక్తంద్వారా, కాన్పులో తల్లినుంచి బిడ్డకు, దాంపత్యంవల్ల వస్తుంది. ఒక కంచంలో తింటే రాదు. టీకా ఉంది. వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాదులోనే తయారుచేసి మనబోటివాళ్ళకు అందే ధరకు తెచ్చింది. మనవలకు వేయించారో లేదో చూడండి. మీరూ ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

మావాడి ఇల్లాలు ముందువరుసలోనే ఉన్నారు. పథ్యం సరిగా పెట్టలేదేమోనని ఇప్పటికీ కుమిలిపోతున్నారు. వదినగారూ, ఆ నకలు మీ వంటింట్లో రాసింది కాదు. పిల్లల రిపోర్టులు తెచ్చానన్నారు, సభ అయ్యాక చూద్దాం. సెలవు.